సంక్రాంతి సంబరం డిసెంబర్ 22న పెట్టుకోవచ్చా? బెంగళూరు తెలుగువాళ్ళు చెప్పండి

వర్తూరు_చెరువు:
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఏటా సంక్రాంతి సంబరం చేస్తాం. ముగ్గుల పోటీ, పిల్లలకు భోగిపళ్ళు, చిన్న భోగిమంట, సహపంక్తి భోజనాలు. ఈసారి మీటింగ్‌లో ఒకాయన లేచి, జనవరిలో వద్దు, డిసెంబర్ 22న చేద్దాం, ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది అప్పుడే అన్నారు. కొందరు సరేనన్నారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. ఆదివారం ఓటింగ్ ఉంది. మావాడి సైన్స్ పుస్తకంలో కూడా డిసెంబర్ 22 అనే ఉంది. నాకు ఎటూ తేలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నీడగడియారం:
ఆ ఒకాయన నేనే. మీటింగ్‌లో పూర్తిగా చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను.

సూర్యుడు దక్షిణానికి జరగడం ఆపి ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21న గానీ 22న గానీ. ఏడాదిలో అతి చిన్న పగలు అదే. సంక్రాంతి అంటే సూర్యుడు మకరరాశిలో అడుగుపెట్టే రోజు. ఒకప్పుడు ఈ రెండూ ఒకే రోజు జరిగేవి. ఋతువుల లెక్కకూ నక్షత్రాల లెక్కకూ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో చెప్పేది అయనాంశ. ఇప్పుడు ఎక్కువ పంచాంగాలు వాడే లాహిరి అయనాంశ ప్రకారం లెక్కవేస్తే అది క్రీ.శ. 285 ప్రాంతం. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకుంటోంది, దీన్నే అయనచలనం అంటారు. సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున తేడా పేరుకుని, నేటికి 24 డిగ్రీలు అయింది. అందుకే ఈ మూడు వారాల పైచిలుకు ఎడం. వివేకానందుడు సంక్రాంతి నాడే పుట్టారు, అది 1863 జనవరి 12. మనం 2024లో 15న చేసుకున్నాం. ఇలాగే వదిలేస్తే ఏడు వేల ఏళ్ళకు పండుగ ఏప్రిల్ ఎండల్లోకి చేరుతుంది. ఉత్తరాయణ పుణ్యకాలమని సంకల్పం చెప్పుకునేవాళ్ళు ఆ ఉత్తరాయణం వచ్చిన రోజును వదిలేస్తే ఎలా?

మల్లేశ్వరం_క్రాస్:
తేదీ ఏదైనా భోగిమంట బేస్‌మెంట్ పక్కన మాత్రం వేయకండి. పొగంతా పై ఫ్లాట్లలోకి వెళుతుంది.

తిథి_వారం:
నీడగడియారం గారూ, మీ లెక్క తప్పని నేను అనను. పంచాంగకర్తలకు అయనచలనం తెలియదన్నట్టు మాట్లాడుతున్నారే, అదే తప్పు. అయనాంశ అనేది వాళ్ళ లెక్కే కదా! తెలిసే నక్షత్రాలను పట్టుకుని ఉన్నారు.

ఇక డిసెంబర్ 22 సంగతి. అప్పటికి ధనుర్మాసం మొదలై వారం కూడా సరిగా అవ్వదు. తెల్లవారుజామున తిరుప్పావై చదువుతూ ఉంటాం. ముప్ఫై పాశురాలూ అయ్యాక భోగి నాడు గోదాకల్యాణం. నెలంతా గొబ్బెమ్మలు పెట్టేది ఆ ముగింపు కోసమే. మీరు మధ్యలో భోగిమంట వేసి సంక్రాంతి అయిపోయిందంటే, మిగిలిన పాశురాలు ఎవరు చదవాలి? ధాన్యం నూర్చి ఇల్లు చేరేది కూడా జనవరికే. పండుగ అంటే సూర్యుడి కోణం ఒక్కటే అనుకుంటే ఎలాగండీ?

నీడగడియారం:
1952లో ప్రభుత్వం మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ కమిటీ వేసింది. దాని కార్యదర్శి సాక్షాత్తూ ఆ అయనాంశకు పేరిచ్చిన లాహిరి గారే. వాళ్ళ సిఫార్సుతో 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ క్యాలెండర్ ఋతువుల్నే అనుసరిస్తుంది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

తిథి_వారం:
ఆ క్యాలెండర్ చూసి మీ ఇంట్లో ఒక్క వ్రతమైనా చేశారా? ఆకాశవాణిలో తేదీ చెప్పడానికే గదా అది పనికొచ్చింది.

మీకు పుస్తకాలు వద్దు, కళ్ళతో చూడాలంటే గవిపురం వెళ్ళండి. గవి గంగాధరేశ్వర ఆలయంలో సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్య నుంచి గుహలోకి వెళ్ళి శివలింగం మీద పడుతుంది. ఊరు ఊరంతా చూడటానికి వస్తుంది. సూర్యుడే ఆ రోజు వచ్చి స్వామిని తాకుతుంటే, ఇంక మన ఓటింగ్ దేనికి?

నీడగడియారం:
వెళ్ళానండీ, చూశాను. మీరు సగమే చెబుతున్నారు. ఆ ఎండ జనవరి మధ్యలోనే కాదు, నవంబర్ నెలాఖరున కూడా లింగం మీద పడుతుంది. డిసెంబర్ 21కి ఎన్ని రోజులు ముందో, అన్ని రోజులు తర్వాత సూర్యుడు మళ్ళీ అదే కోణానికి వస్తాడు. బెంగళూరు పరిశోధకులు కొలిచి 2008లో వ్యాసం కూడా రాశారు. 1792 నాటి చిత్రాలతో పోల్చి, ఆలయ కట్టడంలో తర్వాత మార్పులు జరిగాయనీ చూపించారు. నవంబర్‌లో ఎండ పడినప్పుడు ఎవరూ క్యూ కట్టరు. కాబట్టి ఆ రోజును పండుగ చేసింది మనుషులే.

తిథి_వారం:
మనుషులే చేశారు సరే. ఏ రోజు చేశారు? సంక్రాంతి నాడు. నేను చెప్పేదీ అదే.

నీడగడియారం:
నేను చెప్పేదీ అదే! మనుషులు చేసినదాన్ని మనుషులు మార్చుకోవచ్చు.

వర్తూరు_చెరువు:
గుడి సంగతి పక్కన పెట్టండి. ఆదివారం ఏం చేయాలో చెప్పండి. ఇంకోటి, మావాడు రోజూ ఫోన్‌లో సూర్యోదయం చూసి రాస్తున్నాడు. ఉత్తరాయణం వస్తే పొద్దున్నే తెల్లవారాలి కదా, పోయినసారి జనవరి 15న డిసెంబర్ 22 కన్నా ఆలస్యంగా తెల్లవారిందేమిటి అంటున్నాడు.

నీడగడియారం:
బాబు బాగా పట్టాడు. బెంగళూరులో అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారం తర్వాతే, 6:45 దాటుతుంది. అయితే పొద్దుగుంకడం అంతకంటే ఎక్కువగా ఆలస్యమవుతుంది. అందుకే మొత్తం పగలు డిసెంబర్ 22 తర్వాత పెరుగుతూనే ఉంటుంది. సూర్యాస్తమయం కూడా రాయమనండి, తనకే తెలుస్తుంది.

గోదారి_గట్టు:
మీటింగ్ నుంచి లేచి వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. ఈ డిగ్రీలు నాకు అక్కర్లేదు. మా ఇంట్లో సంక్రాంతి పెద్దల పండుగ. కొత్త బట్టలు పటాల ముందు పెట్టి, గుమ్మడికాయ కూర, గారెలు, అరిసెలు చేసి పెద్దలకు పెట్టుకున్నాకే మేం విస్తళ్ళ ముందు కూర్చుంటాం. నాన్న పోయాక ఒక ఏడు నాకు సెలవు దొరకలేదు. ఇక్కడ ఒక్క రోజే సెలవు, మనకేమో మూడు రోజుల పండుగ. ముందు ఆదివారం ఊరెళ్ళి పెట్టుకుని వచ్చేశాను. మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు, నువ్వు నాన్నకు పెట్టినట్టు కాదని. పెళ్ళిలో పదిమంది ముందు అన్నాడు. వారం ముందు పెట్టినందుకే నేను ఇంత మాట పడ్డాను. మీరు మూడు వారాలు ముందంటున్నారు!

నీడగడియారం:
మీ అన్నయ్య అన్నదానికి నేనేం చేయనండీ? పెద్దలకు పెట్టుకోవడం ఎవరింట్లో వాళ్ళది. నేను మాట్లాడేది అపార్ట్‌మెంట్ సంబరం గురించి.

తిథి_వారం:
నమ్మకం లేనివాళ్ళకు ఏ రోజైనా ఒకటే. రేపు శివరాత్రి కూడా వీకెండ్‌కి మార్చమంటారు.

నీడగడియారం:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను రోజూ ఆదిత్యహృదయం చదివేవాణ్ణి. రథసప్తమి నాడు ఏడు జిల్లేడాకులు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేస్తాను. ఇక్కడ జిల్లేడు దొరక్కపోతే చెరువు గట్ల వెంట తిరిగి తెస్తాను. బాల్కనీలో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతాను. పొగ వస్తోందని కింది ఫ్లాట్ వాళ్ళు కంప్లయింట్ ఇచ్చినా మానలేదు. నమ్మకం గురించి నాకు మీరు చెప్పకండి.

అరిసె_పాకం:
ఇద్దరూ కాస్త ఆగండి. నేనూ మన అపార్ట్‌మెంట్ కమిటీలోనే ఉన్నాను. అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. జనవరి 12 దాటితే మన తెలుగు ఫ్లాట్లకు చాలావరకు తాళాలే. పోయినసారి భోగిపళ్ళు పోయడానికి పిల్లలే లేరు. అందుకే కదా మీరు డిసెంబర్ అన్నది, నీడగడియారం గారూ?

నీడగడియారం:
అవును. ఉత్తరాయణం లెక్క నిజమే, దానిమీద నేను నిలబడతాను. మీరు చెప్పిందీ నిజమే. ఊళ్ళో మా ఇల్లు అమ్మేశారు. వెళ్ళి దిగడానికి చోటు లేదు. మీరంతా బస్సులెక్కి వెళ్ళాక ఇక్కడ మిగిలేది నేనూ మా ఆవిడా, ఇంకో రెండు మూడు ఇళ్ళవాళ్ళూ. ఆమె గుమ్మం ముందు ముగ్గేసి, చూసేవాళ్ళు లేరని లోపలికి వచ్చేస్తుంది. డిసెంబర్‌లో అయితే అందరూ ఉంటారు, పిల్లలకు సెలవులు కూడా.

మల్లేశ్వరం_క్రాస్:
మేం ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం. మాకు వేరే ఊరు లేదు. మా వీధిలో పండుగంటే ఒక్క రోజే. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగలు, పుట్నాలు కలిపిన ఎళ్ళుబెల్ల, చెరుకు ముక్క పట్టుకుని ఇంటింటికీ వెళతాం. కన్నడం వాళ్ళు మా ఇంటికి వస్తారు. ఊరెళితేనే పండుగ అని మాకెవరూ చెప్పలేదు. మీరు కూడా ఆ సాయంత్రం పక్క ఫ్లాట్ కన్నడం వాళ్ళను పిలవండి. అందరూ తెలుగువాళ్ళే ఉండాలని ఏముంది?

గోదారి_గట్టు:
నీడగడియారం గారూ, ఇది మీటింగ్‌లోనే చెప్పాల్సింది. అయినా నేను ఒప్పుకోను, ఎందుకో విన్నాక తిట్టండి. మా పిల్లలకు ఊరంటే ఇష్టం తగ్గిపోతోంది. టికెట్ల ధరలు, రాత్రంతా ప్రయాణం, అక్కడ నెట్ సరిగా రాదు. వాళ్ళను లాక్కెళ్ళడానికి నాకు మిగిలిన సాకు సంక్రాంతి ఒక్కటే. డిసెంబర్‌లో ఇక్కడే ముగ్గులూ భోగిపళ్ళూ అయిపోతే, పండుగ అయిపోయింది కదా నాన్నా, ఊరెందుకు అంటారు. ఒక్క ఏడు మానితే ఇంక వెళ్ళరు. అక్కడ అమ్మ ఒక్కతే ఉంది.

నీడగడియారం:
మీ పిల్లలు ఊరెళ్ళడం కోసం మేం ఇక్కడ పండుగ లేకుండా ఉండాలా?

గోదారి_గట్టు:
ఉండమనలేదు. మా ఊరు రండి అని నిరుడు కూడా పిలిచాను.

నీడగడియారం:
పిలిచారు, కాదనను. వేరేవాళ్ళ ఇంటికి చుట్టంగా వెళితే అది వాళ్ళ పండుగండీ. మా పెద్దలకు నేను మా ఇంట్లోనే పెట్టుకోవాలి.

తిథి_వారం:
నమ్మకం మాట నేను అనకుండా ఉండాల్సింది. కానీ దానికి తేదీ మార్చనక్కర్లేదు. డిసెంబర్‌లో ధనుర్మాసం పేరుతో ముగ్గుల పోటీ పెట్టుకోండి, గొబ్బిపాటలు పాడించండి, నేనే ముందుంటాను. సంక్రాంతి అనీ, భోగి అనీ పేరు పెట్టకండి. భోగిపళ్ళు భోగి నాడే.

అరిసె_పాకం:
భోగి నాటికి పిల్లలు ఉండరనే కదా ఇంతసేపూ చెబుతున్నాం!

వర్తూరు_చెరువు:
నేను డిసెంబర్ 22కి ఓటు వేయను. అయితే ఈసారి మేం ఊరు వెళ్ళడం లేదు, మావాడికి పరీక్షలున్నాయి. సంక్రాంతి సాయంత్రానికి కమ్యూనిటీ హాల్ అడుగుతాను. మల్లేశ్వరం వారు చెప్పినట్టు కన్నడం వాళ్ళను, ఉండిపోయినవాళ్ళందరినీ పిలుద్దాం.

నీడగడియారం:
హాల్ అడగండి, నేనూ వస్తాను. నా ప్రతిపాదన మాత్రం వెనక్కి తీసుకోను. ఆదివారం మళ్ళీ చెబుతాను, మధ్యలో ఎవరూ లేచి వెళ్ళకుండా వినండి.