వెరా రూబిన్‌కు నోబెల్ రాకపోవడం అన్యాయమేనా?

చర్చాంశం: గెలాక్సీల భ్రమణ వేగాలను కొలిచి, కాంతిని వెదజల్లక గురుత్వాకర్షణ ద్వారా మాత్రమే జాడ తెలిసే కృష్ణపదార్థం (డార్క్ మ్యాటర్) ఉందనడానికి బలమైన ఆధారం చూపిన అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త వెరా రూబిన్, నోబెల్ అందుకోకుండానే 2016లో కన్నుమూశారు. మరణించినవారిని ఆ బహుమతికి ఎంపిక చేయరు. ఇది అన్యాయమని భావిస్తున్నారా?

మొదటి సభ్యుడు: నేను భావించడం లేదు. కృష్ణపదార్థం దేనితో తయారైందో నేటికీ తేలలేదు. పైగా కనిపించని ద్రవ్యరాశి గురించి ఫ్రిట్జ్ జ్వికీ 1933లోనే రాశారు. 1978లో ఆల్బర్ట్ బోస్మా రేడియో పరిశీలనలతో రూబిన్ చెప్పిన ఫలితానికే వచ్చారు. ఘనతంతా ఒక్కరికే ఎలా కట్టబెడతాం?

రెండో సభ్యురాలు: మీ మొదటి అభ్యంతరం నిలవదండీ. విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని కనుగొన్న ముగ్గురికి 2011లో నోబెల్ ఇచ్చారు. అందుకు కారణమంటున్న కృష్ణశక్తి ఏమిటో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కెంట్ ఫోర్డ్ నిర్మించిన, కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటమాపకంతో రూబిన్ ఆండ్రోమెడా గెలాక్సీలో 67 వాయుమేఘాల కాంతిని నమోదు చేసి, ఒక్కొక్క వర్ణపటంలో హైడ్రోజన్ గీత ఎంత పక్కకు జరిగిందో కొలిచి, దాన్నిబట్టి లెక్కగట్టిన మేఘాల వేగాలను 1970లో ప్రచురించారు. సూర్యుడికి దూరమయ్యే కొద్దీ గ్రహాల వేగం తగ్గినట్టు గెలాక్సీ అంచుల్లోనూ తగ్గాలి కదా, తగ్గలేదు. అంటే కనిపించని ద్రవ్యరాశి ఏదో అక్కడ వాటిని లాగుతూ ఉండాలి. 1980లో ఆమె బృందం ప్రచురించిన 21 సర్పిల గెలాక్సీల కొలతల్లోనూ అదే తీరు కనిపించింది.

బోస్మా కృషిని నేనూ గౌరవిస్తాను. అయితే నోబెల్‌ను ముగ్గురికి పంచవచ్చు. రూబిన్, ఫోర్డ్, బోస్మాలకు కలిపి ఇవ్వకుండా ఆపిందేమిటి? 1963లో మరియా గోపర్ట్ మేయర్ తరువాత 2018లో డోనా స్ట్రిక్లాండ్ దాకా భౌతిక శాస్త్రంలో ఒక్క మహిళకూ ఆ బహుమతి రాలేదు. రూబిన్ ముఖ్యమైన పరిశోధనంతా ఆ వ్యవధిలోనే సాగిందన్న సంగతిని పక్కనపెట్టి ఈ ప్రశ్నను చర్చించలేం.

మొదటి సభ్యుడు: కృష్ణపదార్థమే లేదని, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలని భౌతిక శాస్త్రవేత్త మిల్‌గ్రోమ్ 1983లో ప్రతిపాదించారు. ఆ వాదన ఇంకా ముగియనప్పుడు కమిటీ వేచి చూడటంలో తప్పేముంది?

రెండో సభ్యురాలు: మిల్‌గ్రోమ్ వివరించబూనింది కూడా గెలాక్సీ అంచుల్లో తగ్గని ఆ వేగాలనే. రెండు పక్షాలూ ఒప్పుకున్నది ఆ కొలతలను. బహుమతి అడుగుతున్నదీ వాటికే.