పెరట్లో మట్టి ఓవెన్ పగులుతోంది, ఏం చేయాలి?

నమస్కారం అండీ. రొట్టెలు, పిజ్జా కాల్చుకుందామని పెరట్లో గుమ్మటంలా మట్టి ఓవెన్ కడుతున్నాను. ఇటుకల అరుగు మీద తడి ఇసుక కుప్పగా పోసి, తడి కాగితాలు కప్పి, పైన నాలుగు అంగుళాల మందాన మట్టి మెత్తాను. చెరువు బంకమట్టి, ఇసుక సమానంగా కలిపి కాళ్లతో బాగా తొక్కాను. అయినా మూడో రోజుకే వేలు దూరేంత పగుళ్లు! మా అమ్మమ్మ పొయ్యి వేసేటప్పుడు పుట్టమన్నులో ఊక, పేడ కలిపి నానబెట్టేది. ఆ పొయ్యి ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు. నాకు ఇసుక తక్కువైందా, ఎండకు త్వరగా ఆరిపోయిందా? ఇప్పుడు తడి గోనెసంచులు కప్పాను, లోపలి ఇసుక ఇంకా తీయలేదు. పగుళ్లలో అదే మట్టి పూడిస్తే మంటకు నిలుస్తుందా, కూల్చి మళ్లీ కట్టాలా? వానలు దగ్గరపడుతున్నాయని టెన్షన్‌గా ఉంది. సొంతంగా కట్టినవాళ్లు దయచేసి చెప్పండి.