టర్బో కూలెంట్ గొట్టం మూసుకుపోయిందో లేదో నిర్ధారించుకోవడం ఎలా?

ప్రశ్న

నా కారులో ఉన్నది 1.4 లీటర్ల టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ ఇంజన్. ఇప్పటికి 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఒక లక్షణం నన్ను కలవరపెడుతోంది. గంటకు పైగా వేగంగా నడిపి వచ్చి ఇంజన్ ఆపిన అర నిమిషానికి టర్బో ఉన్న వైపు నుంచి ఎసరు మరుగుతున్నట్టు కుతకుతమనే శబ్దం మొదలై, రెండు మూడు నిమిషాల పాటు సాగుతోంది. ఆ సమయంలో ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (వేడికి వ్యాకోచించిన కూలెంట్ చేరే డబ్బాలో) కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం వేలు మందం పైకి లేచి, చల్లారాక మళ్లీ పాత గీత దగ్గరకు దిగుతోంది. బండి నడుస్తున్నంత సేపూ ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలకడగా ఉంటోంది. కూలెంట్ ఎక్కడా కారడం లేదు, సైలెన్సర్ నుంచి పొగ కూడా లేదు.

ఆరు నెలల క్రితం కూలెంట్ తగ్గినప్పుడు ఒక షెడ్డులో వేరే రంగు కూలెంట్ కలిపి నింపారు. ఇప్పుడు మరో చోట చూపిస్తే, ఏ పరీక్షా చేయకుండానే టర్బో మార్చాలన్నారు. ముల్లు మామూలుగా ఉన్నప్పుడు కూడా టర్బోకు వెళ్లే గొట్టం మూసుకుపోయే అవకాశం ఉంటుందా? టర్బోను విప్పకుండా ఆ సంగతి తేల్చుకునే పద్ధతి ఉంటే దయచేసి వివరించగలరు.

సమాధానం 1

తప్పకుండా ఉంటుంది. ముల్లుకు సమాచారం ఇచ్చే సెన్సర్ సాధారణంగా సిలిండర్ హెడ్ దగ్గరో, థర్మోస్టాట్ హౌసింగ్‌లోనో ఉంటుంది. టర్బో మధ్య భాగానికి, అంటే బేరింగులు ఉండే హౌసింగ్‌కు వెళ్లేది ప్రధాన ప్రవాహం నుంచి చీలిన సన్నని పాయ మాత్రమే కనుక, అది పూర్తిగా ఆగిపోయినా రేడియేటర్ తన పని తాను చేసుకుపోతుంది, ముల్లు కదలదు.

అయితే గొట్టం జోలికి వెళ్లే ముందు హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) బాగుందని రూఢి చేసుకోండి. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను ఉదయం స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లోనే, అంటే కూలెంట్ ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే దహన వాయువులు కూలెంట్‌లోకి చొరబడుతున్నాయని అనుమానించాలి. ట్యాంకు మూతి దగ్గర పెట్టి చూసే రసాయన పరీక్షలో నీలి ద్రవం పసుపుగా మారితే ఆ అనుమానం బలపడుతుంది. అలాంటిదేమీ లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో టర్బోకు వెళ్లే గొట్టాన్నీ, తిరిగి వచ్చే గొట్టాన్నీ కొలవండి. ప్రవాహం సరిగా ఉంటే రెండూ దాదాపు ఒకే వేడిలో ఉంటాయి, తిరిగి వచ్చేది కాస్త ఎక్కువగా కూడా ఉండవచ్చు.

సమాధానం 2

పై సలహా సరైనదే కానీ, శబ్దాన్ని మాత్రమే ఆధారం చేసుకుని తీర్పు ఇవ్వకూడదు. ఇంజన్ ఆగగానే వాటర్ పంప్ ఆగిపోతుంది, టర్బైన్ (టర్బోలో పొగ తాకిడికి తిరిగే చక్రం) వైపు పేరుకున్న వేడి మాత్రం అక్కడి నుంచి హౌసింగ్‌లోకి పాకుతుంది. వేడెక్కిన కూలెంట్ తేలికై పైకి వెళ్లి, దాని స్థానంలోకి చల్లని కూలెంట్ దానంతటదే వచ్చే విధంగా చాలా ఇంజన్లలో ఈ గొట్టాలను అమరుస్తారు. కాబట్టి ఆపాక కొద్ది క్షణాల పాటు సన్నని గలగల వినిపించడం దోషం కాదు. రెండు మూడు నిమిషాలు మరగడం, ట్యాంకు మట్టం లేవడం మాత్రం పట్టించుకోవలసిన విషయాలే. కొన్ని కార్లలో ఇంజన్ ఆగాక కూడా తిరిగే చిన్న ఎలక్ట్రిక్ పంప్ ఉంటుంది. మీ కారులో అది ఉంటే, ముందు అది తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినండి. వ్యవస్థలో గాలి బుడగ చిక్కుకున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక, ఎయిర్ స్క్రూ ద్వారా గాలిని ఒకసారి పూర్తిగా తీసేయడం కూడా అవసరం.

థర్మామీటర్ విషయంలో ఒక హెచ్చరిక. మెరిసే లోహం మీద గురిపెడితే అది అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. రబ్బరు హోస్ మీద కొలవండి, లేదా లోహపు గొట్టం చల్లగా ఉన్నప్పుడే దాని మీద మ్యాట్ నల్ల రంగు చుక్క ఒకటి వేసి, ఆరాక అక్కడ కొలవండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. హోస్ గట్టిపడటం లేదు, రసాయనం నీలంగానే ఉంది, గాలి తీశాక కూడా శబ్దం తగ్గలేదు. నా కారులో ఆ ఎలక్ట్రిక్ పంప్ లేదు. ఇరవై నిమిషాలు నడిపి వచ్చి, ఇంజన్ ఆపకుండా రబ్బరు మీద కొలిచాను. టర్బోకు వెళ్లే హోస్ బ్లాక్ దగ్గర 87 డిగ్రీలు, టర్బోకు జానెడు దూరంలో 58 డిగ్రీలు, తిరుగు హోస్ ట్యాంకు దగ్గర 43 డిగ్రీలు చూపించింది. వేడి పడిపోతున్నది వెళ్లే హోస్‌లోనే కాబట్టి, ఆ హోస్ లోపలే అడ్డు ఉన్నట్టు భావించవచ్చా?

సమాధానం 3

అలా భావించకండి, చాలామంది పొరబడేది ఇక్కడే. ఒకే దారిలో సాగే ప్రవాహానికి ఎక్కడ అడ్డుపడినా దారి పొడవునా కదలిక ఆగిపోతుంది. కదలని కూలెంట్ ఉన్న చోటే చల్లబడుతుంది. మీరు కొలిచిన అంకెలు ప్రవాహం లేదని గట్టిగా చెబుతున్నాయి, అడ్డు ఎక్కడుందో మాత్రం చెప్పడం లేదు. అది వెళ్లే హోస్‌లో ఉండవచ్చు, టర్బో లోపల ఉండవచ్చు, తిరుగు గొట్టం చివర ట్యాంకు మూతి దగ్గర కూడా ఉండవచ్చు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, అంటే చేతితో తాకితే గోరువెచ్చదనం కూడా లేనప్పుడు, మూత తీసి ఒత్తిడి వదిలి, కూలెంట్‌ను శుభ్రమైన పాత్రలోకి దించండి. వేడిగా ఉండగా మూత ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మూత తీసిన మరుక్షణం ఆవిరై ఎగజిమ్ముతుంది. తర్వాత రెండు గొట్టాలనూ రెండు కొసల దగ్గరా విడదీసి, ఒక్కొక్క భాగంలోకి విడిగా, గరాటుతో డిస్టిల్డ్ వాటర్ పోసి చూడండి. మొదట వెళ్లే హోస్, తర్వాత టర్బో హౌసింగ్, చివరికి తిరుగు గొట్టం. గొట్టం లావుకు తగ్గ ధార రావాలి, చుక్కలుగా రాలితే అక్కడే అడ్డు ఉన్నట్టు. కంప్రెసర్ గాలిని పూర్తి ఒత్తిడితో కొట్టకండి, చెత్త ఇంకా లోతుకు బిగుసుకుంటుంది. కడిగేటప్పుడు కూడా ప్రవాహానికి ఎదురు దిశలో నీళ్లు పంపి, వచ్చిన దారినే బయటకు రప్పించండి.

బాంజో బోల్టులను (గొట్టాన్ని టర్బోకు బిగిస్తూ, తమ లోపలి రంధ్రాల గుండా కూలెంట్‌ను పంపే బోలు బోల్టులను) ప్రత్యేకంగా చూడండి. వాటి అడ్డ రంధ్రాలు ఈ దారి మొత్తంలోనే అతి ఇరుకైన చోటు కావడంతో, పడని కూలెంట్లు కలిసి ఏర్పడిన జిగురైనా, లీకులు ఆపడానికి పోసే పొడి అయినా, గాస్కెట్ దగ్గర అతిగా పూసిన సిలికాన్ ముక్క అయినా మొదట చిక్కుకునేది అక్కడే. బోల్టుకు రెండు వైపులా ఉండే రాగి వాషర్లను మళ్లీ వాడకుండా కొత్తవి వేయండి. కూలెంట్ విషపూరితం, పైగా తియ్యగా ఉంటుంది, కాబట్టి పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న విప్పి చూశాను. రెండు గొట్టాల్లోనూ ధార బాగానే వచ్చింది. టర్బోకు వెళ్లే వైపు బాంజో బోల్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ఉండవలసిన రెండు అడ్డ రంధ్రాల్లో ఒకటి అసలు కనిపించలేదు, రెండోది సూది మొన దిగేంత మిగిలింది. లోపల గోధుమ రంగులో, వేలితో నలిపితే పచ్చి జిగురులా సాగే పదార్థం ఉంది. బోల్టు శుభ్రం చేసి, హౌసింగ్‌ను ఎదురు దిశలో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, వ్యవస్థ మొత్తాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు జాడించి, యజమాని పుస్తకంలో సూచించిన రకం కూలెంట్‌ను సగం నీళ్లతో కలిపి నింపాను. ఈ రోజు అదే పరీక్ష మళ్లీ చేస్తే వెళ్లే హోస్ 88, తిరుగు హోస్ 91 డిగ్రీలు చూపించాయి. ఆపాక శబ్దం లేదు.

సమాధానం 2

చాలా సంతోషం. ఇంకొక్క పని మిగిలి ఉంది. నెల రోజుల పాటు చల్లదనం అందని హౌసింగ్‌లో ఇంజన్ ఆయిల్ మాడి, బొగ్గులా పేరుకుని ఉండవచ్చు. ఆయిల్, ఫిల్టర్ మార్చే సమయం రాకపోయినా ఇప్పుడే మార్చి, టర్బోకు ఆయిల్ అందించే సన్నని గొట్టాన్నీ దాని బాంజో బోల్టునూ కూడా విప్పి చూడండి. టర్బోలో కంప్రెసర్ వైపు (ఇంజన్‌లోకి గాలిని నెట్టే వైపు) హోస్ తీసి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు అక్కడి చక్రాన్ని వేలితో తిప్పండి. అది గీరుకోకుండా తిరిగి, షాఫ్ట్ (చక్రం ఇరుసు) ముందుకూ వెనక్కూ ఆడకుండా ఉంటే మీ టర్బోను మార్చవలసిన అవసరం లేదు. పక్కలకు అతి స్వల్పంగా కదలడం సహజమే. రెండు వారాల తర్వాత ట్యాంకులో కూలెంట్ రంగు చూడండి. మళ్లీ గోధుమ ఛాయ కనిపిస్తే పాత జిగురు ఇంకా కరుగుతున్నట్టే కనుక, మరోసారి జాడించి నింపండి.