డయాలసిస్ రోగి మూత్రపిండంలో కణితి: పాపిల్లరీ క్యాన్సరేనా?

ప్రశ్న (పాథాలజీ పీజీ విద్యార్థిని): దీర్ఘకాలం డయాలసిస్‌పై ఉన్న రోగి మూత్రపిండం మా విభాగానికి వచ్చింది. కుంచించుకుపోయిన ఆ అవయవం నిండా తిత్తులే. ఒక తిత్తి గోడను ఆనుకొని కణితి ఉంది. కణాలు ఎర్రగా ఉన్నందున దీనిని పాపిల్లరీ (వేళ్లలాంటి పొడుచుకొచ్చిన భాగాలుగా పెరిగే) క్యాన్సర్ అని రాయవచ్చా?

సమాధానం 1: అప్పుడే ఆ పేరు ఖాయం చేయకండమ్మా. ఇటువంటి తిత్తుల మూత్రపిండాల్లోనే పుట్టే ప్రత్యేక క్యాన్సర్‌ను (అక్వైర్డ్ సిస్టిక్ డిసీజ్-అసోసియేటెడ్ రీనల్ సెల్ కార్సినోమా) 2006లో పాథాలజిస్టు టిక్కూ బృందం వర్ణించగా, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తన వర్గీకరణలో చేర్చింది. పాపిల్లరీ అమరిక ఇందులోనూ కనిపించవచ్చు గనుక, జల్లెడలాంటి రంధ్రాల నిర్మాణం, కణకేంద్రకంలో ప్రస్ఫుటమైన న్యూక్లియోలస్ (చుక్కలాంటి భాగం), అన్నిటికన్నా ముఖ్యంగా కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉన్నాయేమో వెతకండి. మామూలు వెలుతురులో ఇవి సులభంగా చూపు దాటిపోతాయి. సూక్ష్మదర్శినికి పోలరైజర్ (కాంతిని ఒకే తలంలో కంపించేలా చేసే వడపోత) పెట్టగానే తళుక్కున మెరుస్తాయి.

సమాధానం 2: కణాల్లోని ప్రొటీన్లను గుర్తించే రంగు పరీక్షల్లో ఎఎంఎసిఆర్ పాజిటివ్‌గా, సికె7 నెగటివ్‌గా లేదా అక్కడక్కడ మాత్రమే వస్తే పై అభిప్రాయం బలపడుతుంది. ఇదే మూత్రపిండాల్లో కనిపించే క్లియర్ సెల్ పాపిల్లరీ కణితిలో ఫలితాలు తారుమారవుతాయి.

ప్రశ్న అడిగినవారు: పోలరైజర్ కింద స్ఫటికాలు స్పష్టంగా కనిపించాయి, సర్. కృతజ్ఞతలు.

సమాధానం 3: చాలా కేసుల్లో ఇది నెమ్మదిగానే పెరుగుతుంది; అయితే సార్కోమటాయిడ్ మార్పు (కణాలు కదురు ఆకారంలోకి మారడం) ఉంటే వ్యాపించే ప్రమాదం హెచ్చు కాబట్టి నివేదికలో ఆ సంగతి తప్పక రాయండి. ఒకే మూత్రపిండంలో వేర్వేరు రకాల కణితులు ఉండటం అరుదు కాదు గనుక, గోడ మందంగా ఉన్న ప్రతి తిత్తి నుంచీ ముక్క తీయండి.