శ్రీకాకుళంలో సాయంత్రం పూట పిల్లల్ని, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యని ఎక్కడికి తీసుకెళ్లాలి?

కొత్తగా వచ్చిన కోడలు:

అందరికీ నమస్కారం. మా ఆయనకి బదిలీ అయి జూన్‌లో శ్రీకాకుళం వచ్చాం. ఇల్లు ఏడు రోడ్ల జంక్షన్‌కి ఆటోలో పది నిమిషాల దూరం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి నాలుగు. మాతోపాటు అత్తయ్య ఉంటారు, ఆవిడకి అరవై ఎనిమిది. మోకాళ్లు అరిగిపోయాయి. కింద కూర్చోలేరు, పది మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకోవాలి. పొద్దంతా నాలుగు గోడల మధ్యే ఉంటున్నారు. పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ కూర్చోవాలని ఆవిడ కోరిక. అంతకంటే ఏమీ అడగరు.

బీచ్‌కి వెళ్లాలని పిల్లల గోల. నాకేమో భయం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంతకు ముందున్న ఊళ్లో, పేరు రాయను, పార్కులో జారుడుబల్ల చివర రేకు తుప్పు పట్టి లేచి ఉంది. బాబు పిక్క చీరుకుపోయింది. మూడు కుట్లు, టీటీ ఇంజెక్షన్. వాడు మర్చిపోయాడు గాని నాకు జారుడుబల్ల కనిపిస్తే చాలు, ఇప్పటికీ టెన్షనే. పిల్లలు, పెద్దావిడ ఇద్దరికీ సరిపోయే చోటు ఇక్కడ ఏదైనా ఉందా? మీరు స్వయంగా వెళ్లిన చోటే చెప్పండి, ప్లీజ్.

పలాస కుర్రోడు:

అక్కా, కళింగపట్నం వెళ్లిపోండి. బీచ్ బాగుంటుంది, పిల్లలకి ఇసుకుంటే చాలు. ముంతకింద పప్పు తినకుండా మాత్రం రావద్దు.

లెక్కల మాస్టారు, రిటైర్డ్:

అమ్మా, మీరు అడిగిన తీరు చూసి కాస్త వివరంగా రాయాలనిపించింది. మా మనవడికి ఐదేళ్లు. మా ఆవిడకి రెండేళ్ల కింద మోకాలి ఆపరేషన్ అయింది. మీ ఇంటి లెక్క, మా ఇంటి లెక్క ఒకటే.

ముందు ఊళ్లోనే మొదలుపెట్టండి. శాంతినగర్ కాలనీలో గాంధీ మందిరం ఉంది, ఆ ఆవరణలో స్వాతంత్ర్య సమరయోధుల విగ్రహాలున్నాయి. మీ పాపది చదివే వయసు కాబట్టి ఒక్కో విగ్రహం దగ్గర ఆగి పేరు చదివించండి. మా వాడికి చదువు రాదు గాని, ప్రతి విగ్రహానికీ నమస్కారం పెట్టి, ఈయన ఏం చేశాడు తాతా అని అడుగుతాడు. నాకు తెలిసినంత చెప్తాను. గంట ఎలా గడిచిపోతుందో తెలీదు.

ఏ పార్కుకి వెళ్లినా లోపలికి వెళ్లగానే మా ఆవిడా నేనూ ముందు బెంచీ చూసుకుంటాం. ఏ బెంచీ పడితే అది పనికిరాదు. వీపు ఆనించుకునేలా ఉండాలి, లేచేటప్పుడు పట్టుకోడానికి చేయి ఉండాలి, అక్కణ్నుంచి జారుడుబల్ల కనపడాలి. ఈ మూడూ కలిసిన బెంచీ ఒక పార్కులో ఒకటో రెండో ఉంటాయి, సాయంత్రం ఐదు దాటితే అవి దొరకవు. అందుకే మేం నాలుగున్నరకే వెళ్తాం. ఎత్తు తక్కువ సిమెంటు దిమ్మెల మీద మీ అత్తయ్యగారిని కూర్చోబెట్టకండి. కూర్చోవడం తేలికే, లేవడమే నరకం. ఒకసారి మా ఆవిడని ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చింది, ఆ వేళ ఆమె మొహం చిన్నబోవడం నేను మర్చిపోలేదు. ఇప్పుడు ఇంట్లోంచి ఒక మడత కుర్చీ పట్టుకెళ్తున్నాం.

జారుడుబల్ల విషయంలో మీ భయం న్యాయమైనది. మనది సముద్రతీర జిల్లా. ఉప్పు కలిసిన తేమ గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పైన రంగు వేస్తారు కాబట్టి చూడ్డానికి కొత్తదిలాగే ఉంటుంది. తుప్పు అడుగున ఉంటుంది. పిల్లాడు ఎక్కే ముందు నేను బల్ల చివర, రేకు కిందికి మడిచిన చోట, వేళ్లతో మెల్లగా తడిమి చూస్తాను. బాగుంటే నున్నగా తగులుతుంది. పాడైతే రంగు పొరలు పొరలుగా లేచి, వాడేసిన టీ పొడి లాంటి ఎర్రటి పొడి వేళ్లకి అంటుకుంటుంది. అంటుకుందంటే ఆ రోజు దాని జోలికి పోం. ఊయల గొలుసుని పైన కొక్కెం దగ్గర చూడాలి, అరిగేది అక్కడే. ప్లాస్టిక్ జారుడుబల్లలుంటే చిన్నవాడికి అవే మేలు. రేకు బల్ల ఏప్రిల్, మే నెలల్లో నాలుగింటికి కూడా పెనంలా కాలుతుంది. అరచేయి పెట్టి చూశాకే ఎక్కించండి.

ఇక కళింగపట్నం. తమ్ముడు చెప్పింది నిజమే, అందమైన చోటు. ఊరి నుంచి పాతిక, ముప్ఫై కిలోమీటర్లు, గార మీదుగా వెళ్లాలి. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల కాలంలో అది ఓడరేవు, లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. కానీ వంశధార సముద్రంలో కలిసేది అక్కడేనని మర్చిపోకండి. నది కలిసే చోట అడుగున ఇసుక కదులుతూ ఉంటుంది. మోకాలి లోతు అనుకున్న చోట రెండడుగులు వేస్తే నడుం లోతు వస్తుంది. కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు లాగే లాగుడు పెద్దవాళ్లనే తూలిస్తుంది. నాలుగేళ్ల పిల్లాడు తడి ఇసుక దాటి ముందుకి వెళ్లకూడదు. ఈ మాట నేను బతిమాలి చెప్తున్నాను. మా వాడికి గట్టున ఒక గుంట తవ్వి రెండు బకెట్ల నీళ్లు పోస్తాం, వాడి సముద్రం అదే.

సూర్యుడు సముద్రంలోకి దిగడం చూపిస్తామని పిల్లలకి మాటివ్వకండి. మనది తూర్పు తీరం. ఆయన మన వెనక, సరుగుడు తోటల వైపు దిగుతాడు. దానికి బదులు పౌర్ణమి నాడు వెళ్లండి. వెనక ఎర్రబడుతుంటే ఎదురుగా నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. మొదట బూడిద రంగు మంచులో ఒక నారింజ తొన కనపడుతుంది, పది నిమిషాల్లో గుండ్రంగా పైకొస్తాడు. పోయిన ఏడాది మాఘ పౌర్ణమికి మా ఆవిడ ఆ మడత కుర్చీలో కూర్చుని, అలా చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఒక జాగ్రత్త. ఆదివారం పొద్దున్న ఆ దారిన బయల్దేరకండి. అరసవల్లి ఆ వైపే, ఆదివారం సూర్యభగవానుడి రోజు. జనం మధ్య చిక్కుకుంటే పిల్లలకి దారిలోనే ఏడుపు. శనివారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరండి. కళింగపట్నానికి దగ్గర్లోనే శాలిహుండం ఉంది. బౌద్ధ స్తూపాలున్న కొండ, గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో కనిపెట్టి లోకానికి చెప్పినది. మీ పాపకి చూపించాల్సిందే గాని కొండెక్కాలి, అత్తయ్యగారు లేని రోజు పెట్టుకోండి.

విజయనగరం మావయ్య:

మాస్టారు చెప్పాక నేను చెప్పేది తక్కువే. మాకు ఊళ్లో సముద్రం లేదు, పెద్ద చెరువు గట్టు, కోట చుట్టూ నడక, అంతే. పెద్దవాళ్లతో అయితే మేం రామనారాయణం వెళ్తాం. విల్లు ఆకారంలో కట్టారు. చీకటిపడి దీపాలు వెలిగాక పిల్లలు కళ్లార్పరు. బీచ్ కావాలంటే మా వాళ్లు చింతపల్లి వెళ్తారు, అక్కడా లైట్‌హౌస్ ఉంది.

పార్కులంటే వైజాగే అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. కైలాసగిరి మీద రోప్‌వే, బీచ్ రోడ్డులో పార్కులు, జూ, అన్నీ ఉన్నాయి నిజమే. కానీ శ్రీకాకుళం నుంచి రానూ పోనూ రెండొందల కిలోమీటర్ల పైమాట. మోకాళ్ల నొప్పి మనిషిని కార్లో అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోబెట్టడం మంచిది కాదు. వెళ్తే రాత్రి అక్కడే ఉండేలా వెళ్లండి. జూకి సోమవారం సెలవు, అది చూసుకోండి.

కొత్తగా వచ్చిన కోడలు:

మాస్టారూ, మీ జవాబు అత్తయ్యకి చదివి వినిపించాను. మోకాలి ఆపరేషన్ దగ్గర ఆపి, "ఆవిడిప్పుడు ఎలా నడుస్తోందో అడుగమ్మా" అన్నారు. రెండు సందేహాలు. డిసెంబరులో కూడా నాలుగున్నరకే వెళ్లాలా? పాపకి జంతువులూ పక్షులూ అంటే ప్రాణం, దగ్గర్లో ఏమైనా ఉందా?

లెక్కల మాస్టారు, రిటైర్డ్:

మా ఆవిడ బాగానే నడుస్తోందని చెప్పండమ్మా, మెట్లు మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటిగానే.

డిసెంబరులో మన దగ్గర ఐదున్నరకే చీకటి పడుతుంది. నాలుగింటికే వెళ్లి ఐదుంపావుకి లేవండి. దోమలు దిగేది అప్పుడే. పెద్దవాళ్ల చెవులకి గుడ్డ కట్టండి, మంచుగాలి మోకాళ్లని పట్టేస్తుంది.

పాపకి శ్రీకూర్మం చూపించండి. పదిహేను కిలోమీటర్ల లోపే. కూర్మావతారం గుడి, ఆవరణలో నక్షత్ర తాబేళ్లని పెంచుతున్నారు. నల్లటి డిప్పల మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఆకు నోటికి అందాక అవి మెడ చాచి కొరికే తీరు మా వాడు అరగంట వంగి చూశాడు. అత్తయ్యగారికి దర్శనమూ అవుతుంది, రాతి మండపం నీడలో కూర్చోనూ వచ్చు.

పక్షులకైతే తేలినీలాపురం, టెక్కలి వైపు. గూడబాతులు, రంగుకొంగలు వస్తాయి. ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడి వాళ్ల నమ్మకం, అందుకే ఎవరూ రాయి వెయ్యరు. కాస్త దూరమే, సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు పెట్టుకోండి.

కొత్తగా వచ్చిన కోడలు:

నిన్న గురువారం గాంధీ మందిరం వెళ్లొచ్చాం. నాలుగుంపావుకే చేరాం. మడత కుర్చీ ఇంకా కొనలేదు గాని అత్తయ్యకి వీపు ఆనే బెంచీ దొరికింది. పాప విగ్రహాల పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది, ఇంటికొచ్చి వాళ్ల నాన్నకి పరీక్ష పెట్టింది.

వచ్చేటప్పుడు మా వీధి చివర ఆట స్థలం దగ్గర ఆగాం. బాబు జారుడుబల్ల వైపు పరిగెడుతుంటే నేను ముందెళ్లి, మీరు చెప్పినట్టు చివర మడత కింద వేళ్లతో తడిమాను. నున్నగా ఉంది. అయినా నా గుండె దడ తగ్గలేదు. వాడు పైకెక్కి, "అమ్మా, చూసేశావా?" అని అడిగాడు. చూశాను నాన్నా, రా అన్నాను. మొత్తం పదకొండుసార్లు జారాడు, అత్తయ్య లెక్కపెట్టారు.

వచ్చే పౌర్ణమి శనివారమే పడింది. మడత కుర్చీ ఈలోగా కొనేస్తాం. మాస్టారూ, మీరూ అమ్మగారూ ఆ రోజు కళింగపట్నం వస్తారా? అత్తయ్య పులిహోర కలుపుతానంటున్నారు.