అపోలో 9 భూమి చుట్టూనే ఎందుకు తిరిగింది?

ప్రశ్న:
మా అబ్బాయికి అపోలో కథ చెబుతుంటే డౌట్ వచ్చింది. 1968 డిసెంబరులోనే అపోలో 8 చంద్రుడి చుట్టూ తిరిగొచ్చింది కదా, మరి 1969 మార్చిలో అపోలో 9 పది రోజులు భూమి చుట్టూనే ఎందుకు తిరిగింది? అది వెనకడుగు కాదా?

జవాబు 1:
కాదండీ. అపోలో 8లో చంద్రుడి మీద దిగే వాహనమే లేదు, అప్పటికింకా సిద్ధం కాలేదు. దాన్ని మనుషులు మొదటిసారి నడిపింది అపోలో 9లోనే. వ్యోమగాములు మెక్‌డివిట్, ష్వైకార్ట్ ‘స్పైడర్’ అనే ఆ వాహనం ఎక్కి, మూడో వ్యోమగామి స్కాట్‌ని ప్రధాన నౌక ‘గమ్‌డ్రాప్’లో ఒక్కడినే వదిలి, ఆరు గంటలకు పైగా విడిగా తిరిగారు, ఒక దశలో దాదాపు 180 కిలోమీటర్ల దూరం వెళ్లారు. స్పైడర్‌కి వేడిని తట్టుకునే కవచం లేదు, దాంట్లో కూర్చుని భూమికి దిగలేరు! మళ్లీ గమ్‌డ్రాప్‌ని పట్టుకోవాల్సిందే. తీరా దగ్గరికొచ్చాక పై కిటికీలోంచి ఎండ మెక్‌డివిట్ కళ్లలో కొట్టి గురి కనబడలేదు, స్కాట్ ఇటు అటు అని చెబుతుంటే మెల్లగా కలిపాడు. ఇలాంటివి ముందు ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

జవాబు 2:
స్పేస్‌సూట్ సంగతి కూడా చెప్పాలి. ష్వైకార్ట్‌కి వాంతులయ్యాయి, దాంతో బయట నడిచే కార్యక్రమాన్ని బాగా తగ్గించేశారు. అయినా వాహనం నుంచి గాలి గొట్టం లేకుండా, వీపు మీది సంచిలోని ఆక్సిజన్‌తోనే బయట నిలబడ్డాడు. నాలుగు నెలలకి ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్లు చంద్రుడి మీద నడిచింది ఆ రకం సంచితోనే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, ఎండ కళ్లలో కొట్టిన సంగతి రాత్రికి మావాడికి చెబుతాను.