ఐదు తీగల బాంజో మీద ఐరిష్ జిగ్‌లు: ఎలా కూర్చుకోవాలి, ఏ రూపంలో పంచుకోవాలి?

గాల్వే_రమణ

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఐర్లాండ్‌లో, గాల్వేలో ఉంటున్నాను. అంతకుముందు అమెరికాలో నార్త్ కరొలైనాలో ఉన్నప్పుడు ఐదు తీగల బాంజో కొనుక్కుని, వేళ్లకు పిక్‌లు తొడుక్కుని స్క్రగ్స్ పద్ధతి (మూడు వేళ్లతో మీటే బ్లూగ్రాస్ పద్ధతి) నేర్చుకున్నాను. ఇక్కడి పబ్ సెషన్లలో (అందరూ కూర్చుని కలిసి ట్యూన్లు వాయించుకునే చోట) కూడా బాంజో ఉంది గానీ అది నాలుగు తీగల టెనార్. ఫిడేలు కన్నా ఒక స్థాయి కిందకి జి-డి-ఎ-ఇ అని శ్రుతి చేసి, ఒకే పిక్‌తో టకటకా వాయిస్తారు. నాది ఓపెన్ జి, అంటే ఏమీ నొక్కకుండా తీగలు మీటితే జి మేజర్ కార్డు పలికే శ్రుతి.

సెషన్‌కు వచ్చేవాళ్లు చాలా మంచివాళ్లు. "నీ బాంజోనే తెచ్చుకో, ఏం ఫర్వాలేదు" అన్నారు. వచ్చిన చిక్కల్లా రోల్స్‌తోనే, అంటే మూడు వేళ్లూ ఒక క్రమంలో తిరిగి తిరిగి తీగలు మీటే వరసలతోనే. స్క్రగ్స్ రోల్ ఎనిమిది నోట్ల లెక్కలో నడుస్తుంది, జిగ్ అనే నాట్యపు ట్యూన్ ఏమో 6/8, మూడేసి నోట్ల లెక్క. రెండూ కలిపితే ట్యూన్ రోల్ కింద మునిగిపోతోంది. పక్కన ఫ్లూట్ వాయించే ఆవిడకు నేను ఏ ట్యూన్ వాయిస్తున్నానో తెలియాలి కదా. దీనికి వేళ్లు ఎలా అమర్చుకోవాలి? పిక్‌లు పక్కన పెట్టి క్లాహ్యామర్ (గోటితో తీగను కిందకి కొట్టి, బొటనవేలితో ఐదో తీగ మీటే పద్ధతి) నేర్చుకుంటే సులువవుతుందా?

ఇంకో సంగతి. కూర్చుకున్న ట్యూన్లను పంచుకోవాలని ఉంది. ఇక్కడి సెషన్ వాళ్లకు టాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసేది) పంపితే ఉపయోగం లేదు. డబ్లిన్‌లో ఉన్న మా తెలుగు మిత్రులు కొందరు గిటార్, కీబోర్డు వాయిస్తారు, వాళ్లకు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాదు. అందరికీ పనికొచ్చే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

ఐదోతీగ

రమణ గారూ, మీ ప్రశ్న చూసి ప్రాణం లేచొచ్చింది. నేను గ్లాస్గోలో ఉంటాను, చాలా ఏళ్లుగా ఇదే పని మీద ఉన్నాను.

ముందుగా, ఆ గదిలో మీ బాంజో పరాయిదన్న బెంగ పెట్టుకోకండి. బాంజో మూలం పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో ఉంది. అక్కడి నుంచి అమెరికా మిన్‌స్ట్రల్ బృందాలు (ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడిపాడే తెల్లవాళ్ల బృందాలు) తీసుకుని 1840లలో ఈ బ్రిటన్, ఐర్లాండ్ దీవులకు తెచ్చాయి. అప్పటికి టెనార్ అనేదే లేదు, అది 20వ శతాబ్దం మొదట్లో డాన్స్ బ్యాండ్ల కోసం వచ్చింది. ద డబ్లినర్స్ అనే ఐరిష్ జానపద బృందాన్నే తీసుకోండి. బార్నీ మెకెన్నా టెనార్ మీద జిగ్‌లు, రీల్స్ (నాలుగు లెక్కలో నడిచే నాట్యపు ట్యూన్లు) వాయించేవారు. జి-డి-ఎ-ఇ శ్రుతి అంతలా పాకడానికి ఆయనే పెద్ద కారణం. అదే వేదిక మీద ల్యూక్ కెల్లీ ఐదు తీగల బాంజో వాయిస్తూ పాడేవారు. మరి మనకు చోటెందుకు ఉండదు?

ఇక వేళ్ల సంగతి. మీకు కావలసింది మెలోడిక్ పద్ధతి. 1960ల మొదట్లో బిల్ కీత్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది, ఫిడేలు ట్యూన్లను నోటు వదలకుండా బాంజో మీద పలికించడానికే పుట్టింది. సూత్రం ఒక్కటే: వరుసగా వచ్చే రెండు స్వరాలు ఒకే తీగ మీద పడకూడదు. ఓపెన్ జిలో జి మేజర్ స్కేలు ఇలా వస్తుంది: మూడో తీగ ఓపెన్, నాలుగో తీగ ఏడో ఫ్రెట్ (మెట్టు), రెండో తీగ ఓపెన్, మూడో తీగ ఐదో ఫ్రెట్, ఒకటో తీగ ఓపెన్, రెండో తీగ ఐదో ఫ్రెట్, ఒకటో తీగ నాలుగో ఫ్రెట్, చివరికి ఐదో తీగ ఓపెన్. మొదట చెయ్యి తికమకపడుతుంది. కానీ ఒక నోటు మోగుతుండగానే తర్వాతిది వచ్చి కలిసే ఆ జారుడు వినబడగానే ఇక వదలబుద్ధి కాదు.

జిగ్‌కి ఇది ఎలా సరిపోతుందో ఒక్క బార్‌లో చూపిస్తాను. మీ సెషన్‌లో కెష్ జిగ్ తప్పకుండా వచ్చే ఉంటుంది, అది జి మేజర్‌లోనే. మన స్వరాల్లో రాస్తాను, జి నోటే స. నిలువు గీతల మధ్యది ఒక బార్, అడ్డగీత అంటే ముందు స్వరం సాగడం, పైస అంటే పై స్థాయి స:

స - - స రి గ | రి - - రి గ ప | ద ప ప పైస ప ప | ద ప గ ప గ రి

మూడో బార్ పట్టుకోండి. ద అంటే రెండో తీగ ఐదో ఫ్రెట్, బొటనవేలితో. ప ఒకటో తీగ ఓపెన్, మధ్యవేలితో. రెండో ప మాత్రం ఒకటో తీగ మీద వద్దు, రెండో తీగ మూడో ఫ్రెట్ మీద చూపుడువేలితో. పైస ఐదో తీగ ఓపెన్, మళ్లీ బొటనవేలు. తర్వాతి రెండు ప-లు మొదటి రెండింటిలాగే. ఎడమచేతి చూపుడువేలు మూడో ఫ్రెట్ దగ్గర, ఉంగరపువేలు ఐదో ఫ్రెట్ దగ్గర పెట్టుకుంటే చెయ్యి కదిలించే పనే లేదు. కుడిచేతిలో బొటనవేలు సరిగ్గా మూడు నోట్లకొకసారి పడుతోంది చూశారా? జిగ్‌కి బరువు ఉండాల్సిందీ అక్కడే. పైగా రెండు ప-లలో ఒకటి ఓపెన్ తీగ గలగల, ఇంకోటి నొక్కిన తీగ మెత్తదనం. బార్ అంతా ఊపిరి తీసుకున్నట్టుంటుంది.

నాలుగో బార్‌లో మొదటి మూడూ బొటనవేలు, మధ్యవేలు, చూపుడువేలు. చివరి మూడింటికి మధ్యవేలు, చూపుడువేలు, బొటనవేలు వాడండి. ఆ ఆఖరి రి మూడో తీగ రెండో ఫ్రెట్ మీద ఉంటుంది కాబట్టి, అక్కణ్ణుంచి పుల్-ఆఫ్‌తో (నొక్కిన వేలితోనే తీగను లాగి వదిలి) తర్వాతి బార్ స లోకి దిగిపోవచ్చు.

మొదటి బార్‌లో ఆ సాగిన స దగ్గర ఆలోచించాలి. ఫిడేలు దాన్ని విల్లుతో నిలబెడుతుంది, మన నోటు వెంటనే చచ్చిపోతుంది. బ్లూగ్రాస్ అలవాటు ఉన్న చెయ్యి ఆ ఖాళీలో ఐదో తీగను టింగు టింగుమని నింపేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. జిగ్ నడక దెబ్బతినేది అక్కడే. దానికి బదులు మూడో తీగ ఓపెన్ మీటి, రెండో ఫ్రెట్‌కి హ్యామర్ వేసి (మళ్లీ మీటకుండా ఎడమచేతి వేలితో తీగను తట్టి), వెంటనే పుల్-ఆఫ్ చేయండి. ఒక్క మీటుకి స-రి-స వస్తుంది, ఆ ఖాళీకి అంత చాలు. ఐదో తీగ ట్యూన్‌లో స్వరంగా వచ్చినప్పుడు మోగితే ఎంత అందమో, ఊరికే శ్రుతిపెట్టెలా మోగితే సెషన్‌లో అంత అడ్డం.

క్లాహ్యామర్ మంచిదే. కానీ దాని సహజమైన నడక రెండు, నాలుగు లెక్కల్లోది. పోల్కాలు, రీల్స్‌తో మొదలుపెడితే హాయిగా వస్తాయి. జిగ్‌కి బొటనవేలిని లోపలి తీగల మీదకు దించడం బాగా సాధన చేయాలి. మీకు పిక్‌లు అలవాటే కాబట్టి జిగ్‌ల కోసం అది వదిలేసి రావాల్సిన అవసరం లేదు.

పంచుకోవడం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. టాబ్ ఒక్కటే పంపకండి. టాబ్ చెప్పేది మీ వేళ్లు ఎక్కడున్నాయో, అది మీ శ్రుతికి, మీ పద్ధతికి మాత్రమే చెల్లుతుంది. ముందు ట్యూన్‌ని ఏబీసీ నొటేషన్‌లో రాయండి. అది వట్టి అక్షరాలే. పైన పేరు, తాళం, నోటు పొడవు, కీ ఒక్కో లైనులో, కింద స్వరాలు. వాట్సాప్‌లో కూడా చెదరదు. ఏదైనా ఉచిత ఏబీసీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే స్టాఫ్ నొటేషన్ అయిపోతుంది, ప్లే నొక్కితే వినిపిస్తుంది. ఫ్లూట్ ఆవిడకూ, డబ్లిన్‌లో కీబోర్డు మిత్రుడికీ అదే ఫైలు. టాబ్‌ని వేరే ఫైలుగా పెట్టి, పైన శ్రుతి, కేపో (తీగలను ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టే క్లిప్పు), పద్ధతి రాయండి. దాన్ని టెక్స్ట్‌గా పంపితే ఫోన్‌లో లైన్లు విరిగిపోతాయి, పీడీఎఫ్ చేసి పంపండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: నెమ్మదిగా వాయించిన రికార్డింగ్ ఒకటి జతచేయండి. 6/8 అని కాగితం మీద మూడూ సమానంగా కనిపిస్తాయి గానీ, మొదటి నోటు కాస్త నిలిచి మూడోది ఊపుగా తర్వాతి దానిలోకి దూకడం చెవితో తప్ప పట్టుబడదు.

బెజవాడ_వయొలిన్

ఐదోతీగ గారు రాసిన నాలుగు బార్లూ వయొలిన్ మీద వాయించి చూశాను. ఇది అచ్చంగా మోహన స్వరాలండీ! స రి గ ప ద తప్ప ఇంకేమీ లేదు. నెట్‌లో దొరికిన ఏబీసీ చూస్తే మొదటి భాగం చివరి బార్‌లో మాత్రం కింది ని ఒక్కసారి తగిలి స మీద వాలుతోంది. రాగం అని అనను, మన గమకం, మన సంచారం వేరు. కానీ పిల్లలకు నేర్పేటప్పుడు మోహనం వచ్చిన చెయ్యికి ఈ ట్యూన్ పది నిమిషాల్లో ఎక్కుతుంది.

లెక్క కూడా మనకు కొత్త కాదు. జిగ్ అంటే రెండు దెబ్బలు, ఒక్కో దెబ్బకు తిశ్రం. 9/8లో ఉండే స్లిప్ జిగ్‌కి అవే తిశ్రాలు మూడు. తకిట తకిట అని నోటితో చెప్పుకుంటూ వాయించండి రమణ గారూ, బొటనవేలు ఎక్కడ పడాలో నోరే చెబుతుంది.

మీ తెలుగు మిత్రులకు స్వరాల్లో రాసి పంపడం మంచి ఆలోచనే. స ఏ శ్రుతో పైన తప్పకుండా రాయండి. మేజర్ అయితే శంకరాభరణం స్వరాలు, మిక్సోలిడియన్ అయితే హరికాంభోజి, డోరియన్ అయితే ఖరహరప్రియ అని పక్కన ఒక మాట రాస్తే సంగీతం నేర్చుకున్నవాళ్లకు స్వరస్థానాల గొడవ ఉండదు.

గాల్వే_రమణ

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఆ మూడో బార్ ఇప్పుడే మెట్రోనోమ్ పెట్టుకుని వాయించాను. బొటనవేలు మూడింటికొకసారి పడడం అనే సంగతి చేతికి తెలియగానే జిగ్ జిగ్‌లా వినిపించింది!

ఇంకో రెండు సందేహాలు. మా సెషన్‌లో ఎ డోరియన్ రీల్స్ చాలా వస్తాయి. అప్పుడు ఐదో తీగ జి ఏం చేయాలి? రెండోది, నేను కూర్చిన టాబ్‌లు అందరికీ కనిపించేలా ఒకచోట పెట్టాలనుకుంటున్నాను. సంప్రదాయ ట్యూన్లే కదా, హక్కుల ఇబ్బంది ఉండదనుకోవచ్చా?

ఐదోతీగ

ఎ డోరియన్‌కు రెండు దారులున్నాయి. రెండో తీగను బి నుంచి సి కి బిగించి (జి-డి-జి-సి-డి), రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టి, ఐదో తీగను కూడా ఎ కి తెస్తే బ్రహ్మాండమైన శ్రుతి దొరుకుతుంది. ఐదో తీగను ఊరికే బిగిస్తే తెగే ప్రమాదం ఉంది. చాలామంది దాని ఏడో ఫ్రెట్ దగ్గర ఆటబొమ్మ రైలు పట్టాలకు వాడే చిన్న మేకు దిగ్గొట్టించుకుంటారు, తీగను దాని కిందకి తోస్తే చాలు. బాంజో రిపేరు తెలిసినవాళ్ల చేతే చేయించండి, లేదంటే ఐదో తీగ కేపో దొరుకుతుంది.

కానీ సెషన్‌లో రెండు మూడు ట్యూన్లు ఆపకుండా వరుసగా వాయిస్తారు. జిలో ఉన్నదాని నుంచి ఎ డోరియన్‌కు దూకేటప్పుడు కేపో మార్చే వ్యవధే ఉండదు. అందుకే నేను ఓపెన్ జిలోనే ఉండిపోతాను. స ఎ అయినప్పుడు జి నోటు ఖరహరప్రియలోని ని అవుతుంది, ట్యూన్‌లో అది చాలాసార్లు వస్తుంది. అది వచ్చిన చోట మాత్రమే ఐదో తీగను మీటుతాను. ఇంట్లో ఒక్కణ్ణే వాయించుకునేటప్పుడు, నెమ్మదైన ట్యూన్లకు ముందు చెప్పిన కేపో శ్రుతే వాడతాను, ఆ గంభీరత వేరు.

హక్కుల సంగతి చూసుకోవాలి. సెషన్‌లో వాయించేదంతా పాతది కాదు. ఐర్లాండ్‌లోని కావన్‌లో పుట్టి అమెరికాలో ఫిలడెల్ఫియాలో ప్లంబరుగా పనిచేసిన ఎడ్ రీవీ రాసిన రీల్స్‌ని సంప్రదాయ ట్యూన్లనుకుని వాయించేవాళ్లు ఉన్నారు. ఆయన పోయింది 1988లో. ఐర్లాండ్‌లో రచయిత పోయాక 70 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. కాబట్టి టాబ్ పైన ట్యూన్ ఎవరిదో, ఎవరి దగ్గర విన్నారో రాసే అలవాటు చేసుకోండి. రచయిత తెలిస్తే అనుమతి అడగండి. పాతవాటికి మంచి ఆధారం ఫ్రాన్సిస్ ఓనీల్ సేకరణ. కార్క్ జిల్లాలో పుట్టి షికాగో పోలీసు అధిపతి అయినాయన. 1903లో 1,850 ట్యూన్లు అచ్చువేయించారు. స్వయంగా నొటేషన్ రాయడం రాకపోయినా, తన దగ్గర పనిచేసే జేమ్స్ ఓనీల్‌కు ట్యూన్లు వినిపించి రాయించుకున్నారు. మీ ట్యూన్ అందులో ఉంటే నిశ్చింతగా టాబ్ పెట్టుకోవచ్చు. ఎవరి రికార్డింగ్‌లోనైనా విన్న ప్రత్యేకమైన కూర్పును మాత్రం నోటుకు నోటు దించి మీదిగా పెట్టకండి.

మీ దగ్గర ఎక్కువగా వాయించే ఎ డోరియన్ రీల్ పేరు చెప్పండి. ఏబీసీ, టాబ్, నెమ్మది రికార్డింగ్ మూడూ కలిపి ఇక్కడే పెడతాను. బెజవాడ గారు స్వరాలు రాస్తే ఆ ఫైలు కూడా జతచేద్దాం.